తలసరి పతకాల తమాషా

ఒలింపిక్స్ ముగిసిన మర్నాడే మనలోని గణిత పండితులకు మెలకువ వస్తుంది. పతకాల పట్టికను జనాభాతో భాగించి, పైకి తేలిన దీవిని వేలెత్తి చూపించి, 140 కోట్ల మందికి సిగ్గు లేదా అని నిలదీస్తారు. 2024 పారిస్ తర్వాత అలా పైకి తేలింది కరీబియన్ దీవి గ్రెనడా. అక్కడి జనం లక్షా పాతిక వేలకు అటూ ఇటూ. పతకాలు రెండే: డెకథ్లాన్‌లో లిండన్ విక్టర్ కాంస్యం, జావెలిన్‌లో ఆండర్సన్ పీటర్స్ కాంస్యం. ఆ జావెలిన్ ఫైనల్లోనే నీరజ్ చోప్రా 89.45 మీటర్లు విసిరి రజతం గెలిచాడు. పీటర్స్ విసిరింది 88.54. మైదానంలో అతని ఈటె 91 సెంటీమీటర్లు వెనకే పడింది గానీ, తలసరి లెక్కలో అతని కాంస్యం మన రజతం కన్నా పదకొండు వేల రెట్లకు పైగా బరువు తూగుతుంది. 92.97 మీటర్లతో ఒలింపిక్ రికార్డు బద్దలుకొట్టి బంగారం పట్టుకెళ్లిన అర్షద్ నదీమ్ కూడా, పాకిస్థాన్ జనాభా పుణ్యమా అని, పీటర్స్ ముందు చేతులు కట్టుకు నిలబడాల్సిందే. టేపు పట్టిన అధికారులు జనాభా లెక్కలు చదువుకోలేదు పాపం!

ఈ విద్యకు ఇంకా మహిమలున్నాయి. పన్నెండు వేల జనాభా ఉన్న నౌరుకు ఇంతవరకూ ఒలింపిక్ పతకం లేదు, పదిహేడు కోట్లున్న బంగ్లాదేశ్‌కూ లేదు. భాగహారం ఇద్దరికీ సున్నాయే ఇస్తుంది. 2000 సిడ్నీలో భారత్‌కు దక్కిన ఒకే ఒక్క పతకం శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరిది. ఆనాడు ఆ జిల్లా ప్రత్యేక దేశమై ఉంటే తలసరిన అమెరికాను దాటేసేది. జిల్లా గొప్పదే, కాదనను. పైగా జనాభా ఎంత ఉన్నా, ఒలింపిక్ అథ్లెటిక్స్ వ్యక్తిగత పోటీల్లో ఏ దేశమైనా ముగ్గురికి మించి దింపడానికి వీల్లేదు. మిగిలిన 140 కోట్ల మంది ఎలాగూ గ్యాలరీలోనే.

చిన్న దీవుల సంకల్పాన్ని గౌరవించడానికే ఈ లెక్క అంటారు కొందరు. మరి సెయింట్ లూసియా సంగతి? 1996 నుంచి వరుసగా ఏడు ఒలింపిక్స్‌లో ఆ దేశానికి పతకం రాలేదు. అంటే అన్నేళ్లూ అక్కడ సంకల్పం లేదనా? పారిస్‌లో జూలియన్ ఆల్‌ఫ్రెడ్ 10.72 సెకన్లలో 100 మీటర్ల బంగారం గెలవగానే ఆ దీవి తలసరి పట్టికలో పైకి ఎగబాకింది. ఆమె మాత్రం పిల్లగా ఉండగానే శిక్షణ కోసం జమైకా వెళ్లింది, తర్వాత టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పదును తేలింది. దేశంలో ఉన్న ఒక పెద్ద స్టేడియం, 2009లో ఆసుపత్రి కాలిపోయాక, రోగులకు ఆశ్రయమైంది. గెలిచాక ఆమె కోరిందీ కొత్త స్టేడియమే. తలసరి పట్టికలో స్టేడియానికి గడి లేదు.

అయితే మన చేతగానితనాన్ని వెనకేసుకొస్తున్నావా అంటారేమో. లేదు, పారిస్‌లో మనకొచ్చిన ఆరు పతకాలు తక్కువే. కానీ ఆ మాట చెప్పడానికి గ్రెనడా అక్కర్లేదు. చంటిపిల్లల్నీ, ముసలివాళ్లనూ భాజకంలో కలిపితే వచ్చేది ఉత్త సిగ్గు. పరుగెత్తగల పిల్లల్లో ఎందరికి ట్రాక్, కోచ్ అందుబాటులో ఉన్నాయో లెక్కిస్తే జవాబుదారీ ఎవరో తేలుతుంది. సిగ్గును 140 కోట్ల మందికి సమానంగా పంచేస్తే క్రీడాశాఖ వాటాకు వచ్చేది ఆవగింజంతే, అందుకే కాబోలు ఈ లెక్క మీద అక్కడెవరూ అభ్యంతరం చెప్పరు. 2028లో లాస్ ఏంజెలెస్ ఆటలు ముగిశాక పండితులు మళ్లీ కాలిక్యులేటర్ తీస్తారు. అయ్యా, ఈలోగా మీ మండలంలో పరుగుల ట్రాక్ ఎక్కడుందో ఒకసారి వాకబు చేయండి.