నేను షార్ట్‌వేవ్ రిసీవర్‌ని

పాత సామాన్లవాడి తక్కెడ ఎక్కే ముందు నా సంగతి నాలుగు మాటలు చెప్పుకోనివ్వండి.

నన్ను కాకినాడలో కొనుక్కున్న మాస్టారికి హామ్ రేడియో లైసెన్సు ఉండేది. నాలో వాల్వులు ఎన్నో, తీగలు ఎన్నో ఆయన ఎవరికీ చెప్పేవారు కాదు. "అబ్బాయ్, ముందు విను, తర్వాత తిప్పు" అనేవారు శిష్యులతో.

విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ దగ్గర హాయిగా పలికేది. అది ఏ.ఎం. మాటను బట్టి వాహక తరంగం ఎత్తు పెరిగి తగ్గుతుంది. మెరుపు కూడా ఆ ఎత్తునే కదిలిస్తుంది కాబట్టి మబ్బు పట్టిందంటే ఫటఫటలే. ఎఫ్.ఎం.లో మాట వెంట మారేది పౌనఃపున్యం. ఆ గోల దానికి అంతగా అంటదు. 88 మెగాహెర్ట్జ్ పైన ఉండే ఆ స్టేషన్లు నా డయల్‌కు అందవు.

నా గొప్పంతా 7 మెగాహెర్ట్జ్ దగ్గర. అక్కడ ఎవరో బాతు అరిచినట్టు మాట్లాడుతుంటారు. అది ఎస్.ఎస్.బి. ఏ.ఎం.లో నిండుగా మాడ్యులేట్ చేసినా మూడింట రెండు వంతుల శక్తి మాటలేని వాహకానికే పోతుంది. అందుకని ఎస్.ఎస్.బి.లో ఆ వాహకాన్నీ, దానికి అటూ ఇటూ మాటను మోసే రెండు పక్కపట్టీల్లో ఒకదాన్నీ పంపేచోటే తీసేస్తారు. నా బి.ఎఫ్.ఓ. మీట వేస్తే పోయిన వాహకాన్ని నాలోనే పుట్టిస్తాను. ఆపైన డయల్ వెంట్రుకవాసి కదిపితే చాలు, ఆ అరుపులోంచి మనిషి గొంతు బయటికొచ్చేది. శిష్యుల ముఖాలు వెలిగిపోయేవి. మోర్స్ కూడా అంతే. మీట వేయకపోతే హోరు ఆగి ఆగి వస్తుంది, వేస్తే కుయ్‌కుయ్‌మంటూ అక్షరాలు. రెండు స్వరాలు గబగబా ఒకదాని వెంట ఒకటి వస్తే అది టెలిటైపు. హామ్‌ల దగ్గర ఆ రెంటి మధ్య ఎడం 170 హెర్ట్జ్.

మాస్టారు పోయాక వాళ్లబ్బాయి ఒకరోజు నన్ను పెట్టాడు. బాతు అరుపు వినబడింది. "పాడైపోయింది" అన్నాడు. ఆ మీట వైపు చూడనైనా లేదు. ఆ ఒక్క మాటతో అటకెక్కాను. ఎలుకలు స్పీకరు కాగితం కొరికాయి. వానాకాలం చెమ్మకు బ్యాండ్ స్విచ్ చిలుము పట్టింది. కింద పండగలు జరిగేవి, పెళ్లిళ్లు జరిగేవి, మాస్టారి సంవత్సరీకాలూ జరిగేవి; ఎవరూ నిచ్చెన వేయలేదు. చివరికి వేశారు, తూకానికి ఇవ్వడానికి.

మీ ఇంట్లో నాలాంటిది ఉంటే తొందరపడి అమ్మకండి. ఏళ్ల తరబడి మూలనున్న వాల్వు సెట్టుకు నేరుగా కరెంటు ఇవ్వడం ప్రమాదం. తెలిసినవాళ్లచేత కెపాసిటర్లు చూపించండి. తర్వాత ఏ పొద్దుటిపూటో 7 మెగాహెర్ట్జ్ దగ్గర బాతు అరుపు వినబడితే, బి.ఎఫ్.ఓ. మీట వేసి చూడండి.