ఒడిసెల ఆత్మకథ

రాయిని చెయ్యి విసరగలిగే దానికంటే ఎక్కువ దూరం పంపడం కోసం జనపనారతో అల్లుకునే సాధనం ఒడిసెల. వడిసెల అన్నా ఇదే. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చల్క నేలల్లో, అంటే ఇసుకపాలు ఎక్కువై తడిని ఎక్కువ రోజులు నిలుపుకోలేని ఎర్రనేలల్లో, దీని పుట్టుక, కాపలా జీవితం, పోరాటం, ముసలితనం అన్నీ గడిచాయి. తన కథను తానే చెప్పుకుంటున్నా ఒడిసెల తనను ‘ఇది’ అనే పేర్కొంటుంది. ఎందుకంటే ఎండకు ఎండి వానకు తడిసి ఒక్కొక్క ఒడిసెల కొన్ని పంటకాలాల్లోనే పీలికలైపోతుంది, అది తెగేలోగా అదే చెయ్యి అదే కొలతతో మరొకటి అల్లుతుంది, కాబట్టి ఇక్కడ చెప్పేదంతా వంశం మొత్తానికి చెందిన జ్ఞాపకం.

దీని శరీరంలో ఉండేవి మూడే భాగాలు. నడుమ అరచేతి వెడల్పున వలలా అల్లిన గూడులో రాయి కూర్చుంటుంది. గూడుకు అటూ ఇటూ రెండు తాళ్లు సాగుతాయి. ఒక తాడు కొసన వేలు దూరేంత ఉచ్చు, రెండో తాడు కొసన బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ అదిమి పట్టుకునే ముడి ఉంటాయి. తలమీదుగా రెండు మూడు చుట్లు తిప్పి సరైన క్షణంలో ముడిని వదిలితే, గూడు విచ్చుకుని రాయి దూసుకుపోతుంది, వదిలిన తాడు గాలిని చీల్చి చెళ్లుమంటుంది. జొన్న కంకి పాలుపోసుకునే రోజుల్లో పిచ్చుకలూ రామచిలుకలూ గుంపులుగా వాలినప్పుడు వాటిని లేపడానికి చాలాసార్లు ఆ చప్పుడే చాలు. చేను నడుమ నాలుగు గుంజలు పాతి వేసిన మంచె మీద నిలబడి, పొద్దు పొడిచింది మొదలు కాపలా కాసేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లూ పిల్లలే. గురి నేర్చుకున్న మొదటి చేతులు అవే. తర్వాతి పోరాటాన్ని అర్థం చేసుకోవడానికి ఈ సంగతి చాలా అవసరం.

నిజాం ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానంలో రెండో ప్రపంచయుద్ధం నల్లగొండ పల్లెకు ఫిరంగిగా రాలేదు, లెవీగా వచ్చింది. రైతు పండించిన ధాన్యంలో ఇంత భాగాన్ని సర్కారు నిర్ణయించిన ధరకు విధిగా అప్పగించాలనే నిబంధనే లెవీ. వందల, వేల ఎకరాలున్న దేశ్‌ముఖులు, అంటే ఒకనాడు పన్ను వసూలు అధికారం పొంది క్రమంగా భూములనూ ఊళ్లనూ చేతుల్లో పెట్టుకున్న దొరలు, లెవీని తప్పించుకోగా, నాలుగు ఎకరాల రైతు గాదె ఊడ్చి కొలవాల్సి వచ్చేది. దీనికి తోడు కూలి ఇవ్వకుండా చేయించే వెట్టి ఉండేది. ఒడిసెల పిట్టల నోట పడకుండా కాపాడిన గింజ కల్లం దాటకముందే వేరొకరి బండికి ఎక్కేది. దీని జీవితంలో అంతటి అవమానం మరొకటి లేదు.

1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభ అనే ప్రజాసంస్థ సమావేశం తర్వాత, ఊళ్లలో ‘సంఘం’ అని పిలిచే ఆ సంస్థ ఊరూరా పాకింది. సంఘం వాలంటీర్లు పట్టిన ఆయుధాలు ఇంట్లో ఉన్నవే: గుత్ప అనే పొట్టి దుడ్డుకర్ర, రోకలి, కారంపొడి, ఒడిసెల. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాకు చెందిన కడవెండిలో 1946 జూలై 4న, విసునూరు దేశ్‌ముఖు మనుషుల దౌర్జన్యాన్ని నిలదీస్తూ సాగిన ఊరేగింపుపై తుపాకులు పేలాయి, దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. చెదిరిపోవాల్సిన గుంపు చెదరలేదు. చుట్టుపక్కల ఊళ్ల జనం కర్రలూ ఒడిసెలలూ పట్టుకుని వచ్చి చేరారు, దొర పంపిన గూండాలను తరిమికొట్టారు. పిట్టను లేపడానికి ఎత్తిన చెయ్యి మనిషి మీదికి తిరగడం ఒడిసెలకు గర్వంగా చెప్పుకునే విషయం కాదు. గూడులో రాయి పెట్టిన వాళ్లలో ఒక్కరైనా యుద్ధం నేర్చినవాళ్లు కారు, జీతం తీసుకునే సిపాయీలూ కారు. పొద్దున చేనులో ఉన్న మనుషులే మాపటికి ఊరి పొలిమేరలో నిలబడ్డారు.

1947 సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన తర్వాత దళాలు ఏర్పడ్డాయి. దళమంటే ఊరి నుంచి ఊరికి కదులుతూ తుపాకులతో పోరాడే చిన్న జట్టు. దళాల చేతికి మొదట చిక్కినవి ఎక్కువగా భర్మార్లు. గొట్టం మూతి నుంచి మందూ గుండూ కూరి పేల్చే పాతకాలపు తుపాకీని భర్మార్ అంటారు. అది ఒకసారి పేలాక మళ్లీ కూరడానికి పట్టే వ్యవధిని ఒడిసెలలు నింపేవి. ఎదుటి పక్షంలో నిజాం పోలీసులతో పాటు కాశిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు, అంటే సంస్థానాన్ని స్వతంత్రంగా నిలపాలని ఆయుధం పట్టిన స్వచ్ఛంద సేన, ఊళ్ల మీద పడేవారు. అందుకే పాత బురుజులకు మళ్లీ పని పడింది: పైన కావలివాడు, ప్రమాదం కనబడితే నగారా, బురుజు మీద కుప్పగా పోసిన వాగురాళ్లు. ఈ రాళ్లను కొంగుల్లో మోసి తెచ్చింది ఎవరని అడిగే అలవాటు చరిత్ర రాసేవాళ్లకు చాలాకాలం లేదు.

నేడు సిద్దిపేట జిల్లాలో ఉన్న బైరాన్‌పల్లి ఈ కాపలాకు అత్యున్నత ఉదాహరణ, అత్యంత దుఃఖకరమైన ఉదాహరణ కూడా. ఊరి మీదికి వచ్చిన రజాకార్లను జనం బురుజు అండతో ముందు తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న నిజాం బలగాలు ఫిరంగితో తిరిగివచ్చి బురుజును కొట్టాయి, పట్టుబడిన వాళ్లను వరుసగా నిలబెట్టి కాల్చాయి. తుపాకీకి తుపాకీయే జవాబు, ఫిరంగికి ఒడిసెల దగ్గర జవాబు లేదు. ఈ మాటను ఒడిసెల దాచుకోదు. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ వైపు, నిజాంకు లోబడిన ఆత్మకూరు సంస్థానంలోని అప్పంపల్లిలో 1947 అక్టోబరులో పోలీసు కాల్పులకు ఊరివాళ్లు బలయ్యారు. నల్లగొండ పేరు మోగినంతగా ఆ ఊరి పేరు బయట వినబడకపోవడం న్యాయం కాదు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి అడుగుపెట్టి, బెజవాడ దారిన సూర్యాపేట మీదుగా కూడా సాగింది; 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల భయం పోయిందని ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయి గానీ, పోరాటకాలంలో రైతులు పంచుకున్న భూమి మీదికి దొరలు తిరిగి రావడంతో పోరాటం 1951 అక్టోబరు 21న విరమించేదాకా సాగింది. ఆ మూడేళ్లలో దళాలు నల్లమల అడవుల్లోకి, అమ్రాబాద్ పీఠభూమి వైపు తరలాయి. నిశ్శబ్దంగా నడవాల్సిన అడవిలో చెళ్లుమనే తాటికి చోటు లేక ఒడిసెల ఊళ్లలోనే మిగిలింది. అది మిగిలిన ఆ ఊళ్లలో జరిగింది చిన్న విషయం కాదు. 4,000 మంది దాకా కమ్యూనిస్టులూ రైతు యోధులూ చనిపోయారనీ, కనీసం 50,000 మందిని పోలీసు, సైనిక క్యాంపులకు ఈడ్చుకెళ్లి హింసించారనీ ఆ పోరాట నాయకుల్లో ఒకరైన పుచ్చలపల్లి సుందరయ్య దాని గురించి రాసిన గ్రంథంలో లెక్క కట్టారు. రెండో అంకెలో ఉన్నవాళ్లలో ఎక్కువమందిని సామాన్య జనమనే పిలవాలి; దళానికి బువ్వ పెట్టారనో, పెట్టి ఉంటారనో అనుమానమే వాళ్ల నేరం.

యుద్ధాన్ని గుర్తుపెట్టుకునే తీరు దేశానికొకటి. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో చనిపోయి సమాధి కూడా దొరకని 11,285 మంది కెనడా సైనికుల పేర్లు వీమీ గుట్ట మీద 1936లో ఆవిష్కరించిన స్మారకం గోడలపై చెక్కి ఉన్నాయి. అదే యుద్ధంలో పాలస్తీనా వైపు పోరాడిన హైదరాబాదు సంస్థానపు అశ్వికుడికి ఢిల్లీ తీన్‌మూర్తిలో విగ్రహం ఉంది. సైనికుడికి నంబరు, యూనిఫారం, జీతం పుస్తకం ఉంటాయి కాబట్టి పేరు దొరుకుతుంది. ఒడిసెల పట్టినవాళ్లకు అవేవీ లేవు. కడవెండిలో కొమురయ్యకు స్తూపం ఉంది, బైరాన్‌పల్లిలో బురుజు ఇంకా నిలిచి ఉంది. కాని మంచె మీద గురి నేర్చి, బురుజుకు రాళ్లు మోసి, క్యాంపులో దెబ్బలు తిన్న మనిషిని వెతకాలంటే గొంతులనే ఆశ్రయించాలి. స్త్రీశక్తి సంఘటన అనే మహిళల బృందం 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఆ పని చేసింది. పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు తమ మాటల్లో చెప్పిన అనుభవాల పుస్తకమది. తుపాకీ పట్టిన రోజుల ధీమాతో పాటు, అడవిలో పసిబిడ్డను చేతులారా వదులుకున్న తల్లి బాధా, పోరాటం ముగిశాక ఇంటికి పొమ్మన్నప్పుడు కలిగిన గుండెకోతా అందులో ఉన్నాయి. వెయ్యి రూపాయలంటేనే పెద్ద సొమ్మయిన ఆ రోజుల్లో తన తలమీద పది వేల రూపాయల బహుమానం మోసిన దళ నాయకురాలు మల్లు స్వరాజ్యం, 2022లో కన్నుమూసేదాకా ఊరూరా తిరిగి ఆ రోజుల గురించి చెబుతూనే ఉన్నారు.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు పారిన చోట వరి, పారని చోట పత్తి వచ్చి జొన్న వెనక్కి తగ్గింది, జొన్నతో పాటు మంచె తగ్గింది. పిట్టలను బెదిరించడానికి చేలల్లో ఇప్పుడు మెరిసే రిబ్బన్లు కడుతున్నారు. ఒడిసెల అల్లేవాళ్లు ఇంకా కనబడే ఊళ్లలో నారకు బదులు నైలాను దారం వాడుతున్నా పద్ధతి మారలేదు: అరుగు మీద కాళ్లు చాపి కూర్చుని, దారం కొసను కాలి బొటనవేలికి తగిలించి పేనుతారు, గూడు దగ్గరికి వచ్చేసరికి పోగులు విడదీసి వలలా అల్లుతారు, చివరన ఉచ్చు బిగించేముందు దాన్ని విసరబోయే మనిషిని దగ్గరికి పిలిచి వేలి లావు చూస్తారు.