డోర్నకల్ గుమ్మటం

మొన్న కోత పండుగకు నెల్లికుదురు నుంచి ఒక ముసలమ్మ మనవణ్ని వెంటబెట్టుకొని వచ్చింది. మానుకోటలో రైలెక్కి, గుండ్రాతిమడుగు, గార్ల దాటి ఇక్కడ దిగారు. నెత్తి మీద ఎండుమిర్చి మూట. ఆవరణలో అడుగు పెట్టగానే పిల్లవాడు తలెత్తి నన్ను చూశాడు.

"అవ్వా, గిది మజీదా?"

"కాదు బిడ్డా. మన దేవుని గుడి."

"మరి గుమ్మటమెందుకున్నది?"

ముసలమ్మ ఏమీ చెప్పలేదు. మూట దించి, చెప్పులు విడిచి, వాడి చెయ్యి పట్టుకొని లోపలికి నడిచింది. వాడి ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. జవాబు చెప్పాల్సింది నేనే.

నేను డోర్నకల్ ఎపిఫనీ కెథెడ్రల్ మీది గుమ్మటాన్ని. నా చుట్టూ మినార్లు, నా కిందుగా గుడి మండపాన్ని తలపించే కంబాలు. 1939 జనవరి 6న మా ప్రతిష్ఠ జరిగింది. డబ్బు చాలక ఏళ్లకేళ్లు సాగిన పని అది.

నన్ను ఇలా కట్టాలని తలచినవాడు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయన తెలుగువాడు కాడు. 1874లో తిరునెల్వేలి సీమలో వెళ్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టాడు. 1903లో అక్కడివాళ్లు ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకొని, నిజాం రాజ్యంలోని ఈ పల్లెలను తమ పనికి ఎంచుకున్నారు. 1909లో గురువుగా అభిషేకం పొంది అజరయ్య కూడా ఇక్కడికే వచ్చాడు. ముప్పై అయిదేళ్ల వయసు, కొత్త భాష. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషప్‌గా ప్రతిష్ఠించారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు.

ఆయన మనసు తెలియాలంటే ఇంకో మాట చెప్పాలి. 1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో దొరల ముందు నిలబడి, మీరు మాకోసం ప్రాణాలైనా ఇచ్చారు, కానీ మాకు స్నేహితులు కావాలి అనే అర్థంలో మాట్లాడాడు. పెద్ద చెయ్యి ఇచ్చేది, చిన్న చెయ్యి పుచ్చుకునేది అనే లెక్క ఆయనకు సరిపడలేదు. నా ఒంపులో కనిపించేది ఆ మాటే అని నేను నమ్ముతాను.

ఆ దొరల దేశంలో చర్చి రూపం వేరు. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండు పల్లెల్లో మొనదేలిన తోరణాలతో, సూది శిఖరాలతో చర్చీలు లేచాయి. క్రైస్తవ కట్టడమంటే మొనదేలిన కట్టడమేనని పుగిన్ అనే శిల్పి 1841లో పుస్తకమే అచ్చేశాడు. మొనతోరణం బరువును పక్కకు ఎక్కువ తోయకుండా నిటారుగా కిందికి దింపుతుంది. అందుకే గోడల్లో పెద్ద పెద్ద కిటికీలు పడతాయి, వాటిలో రంగుటద్దాలు నిలుస్తాయి. ఆ పోలిక ఓడలెక్కి మన దేశానికీ వచ్చింది. పాస్నెట్ అనే మిషనరీ దొర మెదక్‌లో కట్టించిన కెథెడ్రల్ ఆ వంశానిదే. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయిన ఆ గుడి గోపురం 175 అడుగులు. కరువులో కూలీలకు పని చూపి అన్నం పెట్టిన గుడి అది. దాన్ని నేనెప్పుడూ తక్కువ చేయను.

కానీ అజరయ్య దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల వాళ్లు. ఊరి గుడి మండపాన్ని దూరం నుంచి చూడడమే తప్ప, దాని కంబం ఎంత చల్లగా ఉంటుందో తెలియనివాళ్లు. వాళ్ల కోసం కట్టే గుడిలో మండపపు కంబాలు నిలబెట్టాడు. తురకల వీధిలో చూసి ఎరిగిన గుమ్మటాన్ని, మినారును పైన పెట్టాడు. ఎపిఫనీ అంటే ప్రత్యక్షతా పండుగ. తూర్పు జ్ఞానులు బాలయేసును వెతుక్కుంటూ వచ్చి బంగారం, సాంబ్రాణి, బోళం ముందు పెట్టిన రోజు. వాళ్లు ఎవరి దగ్గరా అరువు తేలేదు, తమ దేశంలో ఉన్నది తెచ్చారు. ఈ గుడికి ఆ పేరు ఎంత నప్పిందో! నేనూ ఈ నేల తెచ్చి పెట్టిన కానుకనే.

గుమ్మటం బతుకు తేలిక కాదు. మా బరువు నేరుగా కిందికి దిగదు, అంచుల దగ్గర బయటికి తోస్తుంది. కింది గోడ ఒడిసి పట్టుకోవాలి. వానను ఒంటి మీద నిలవనివ్వం కానీ, సన్న నెర్రె చాలు లోపలికి దిగడానికి. ఒక ఏడు పిట్ట రెట్టలోంచి రావి గింజ నా నెర్రెలో పడింది. రెండాకుల మొలక, చూడ ముచ్చటగానే ఉంది. ఆకు ఎంత లేతదో వేరు అంత మొండిది. గోరంత వేరు చీలిక వెతుక్కుంటూ దిగుతుంటే పుండులో పుల్ల కదిపినట్టుండేది. తాడు కట్టుకొని పైకెక్కిన పనివాడు దాన్ని లాగి పారేయలేదు. లాగితే వేరు లోపలే తెగి మళ్లీ చిగురిస్తుందని అతనికి తెలుసు. నెర్రె వెంట కొంచెం కొంచెంగా తవ్వి, వేరు కొస చేతికొచ్చేదాకా ఎండలో కూర్చున్నాడు. ఆ మనిషిని నేను మరిచిపోను.

అజరయ్య నన్ను ఎక్కువ కాలం చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. నాకు ఆరేళ్లు నిండడానికి అయిదు రోజులు తక్కువ. ఆయన సమాధి ఇక్కడే, గుడి ఆవరణలో. ఆయన పాటుపడిన సంఘాల కలయిక 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా నెరవేరినప్పుడు ఆయన లేడు.

కోత పండుగ ఆరాధన అయిపోయింది. మిర్చి మూట, వడ్ల సంచులు, కాళ్లు కట్టిన కోళ్లు వేలం పాటకు వచ్చాయి. ఆ సందడిలో కింద పిల్లవాడి గొంతు వినిపించింది. కంబాన్ని కౌగిలించుకొని, రెండు చేతులూ కలవక అవస్థ పడుతున్నాడు.

"అవ్వా, అందుతలేదు. అవతల దిక్కు నువ్వు పట్టుకో."

ముసలమ్మ మొదట చుట్టూ చూసిందట. కంబమే నాకు చెప్పింది. తరవాత కొంగు భుజాన వేసుకొని, చెంప రాతికి ఆనించి, చేతులు చాచింది.