క్వార్టర్ దొరుకుతుంది, కుర్చీ దొరకదు

హైదరాబాద్ హీరోస్ అని ఒక రగ్బీ జట్టుంది. తెలియదా? తప్పు మీది కాదు. 2025 జూన్‌లో రగ్బీ ప్రీమియర్ లీగ్ తొలి సీజన్ జరిగింది. ఆరు జట్లు. అన్ని మ్యాచ్‌లూ ముంబై అంధేరీలోనే. రగ్బీ ఇండియాతో కలిసి లీగ్ పెట్టింది జీఎంఆర్ స్పోర్ట్స్. తెలుగువాళ్ల కంపెనీ, తెలుగు ఊరి పేరున్న జట్టు, ఆడింది మాత్రం మొత్తం పరాయి గడ్డ మీద. సరే, అక్కడికి పోలేం. నలుగురం కలిసి ఎక్కడైనా కూర్చుని చూద్దాం అనుకున్నవాడికి శ్రీ సత్యసాయి జిల్లా ఏమిచ్చింది?

మందిచ్చింది. దండిగా ఇచ్చింది.

హిందూపురం బార్లలో టీవీలకు కొదవ లేదు. వాటిలో వచ్చేదేమిటి? పాత సినిమా పాటలు. లేదంటే న్యూస్ చానెల్‌లో నలుగురు శబ్దం లేకుండా కొట్టుకుంటుంటారు. స్టార్ స్పోర్ట్స్ పెట్టమని అడిగి చూడండి.

‘‘ఐపీఎల్ అయిపాయ గద సార్?’’

‘‘రగ్బీ ఉందప్పా.’’

‘‘ఎంతసేపుంటాది?’’

‘‘పదహారు నిమిషాలే. నాలుగు క్వార్టర్లు.’’

అప్పుడు వెలుగుతుంది ముఖం. ‘‘ఒగరికా, నలుగురికా సార్?’’

నవ్వకండి. అతనికి జీతమిచ్చేది అందుకే. రిమోట్ ఓనరు జేబులో ఉంటుంది. ఓనరు ఊళ్లో ఉండడు.

ఇక ఆ బార్లోకి ఒక ఆడపిల్ల వచ్చిందనుకోండి. 2025 ఆగస్టులో రాజ్‌గీర్‌లో జరిగిన ఆసియా అండర్-20 రగ్బీ సెవెన్స్‌లో మన అమ్మాయిలు కాంస్యం గెలిచారు. ఆ అమ్మాయిల్లో ఒకతే హిందూపురం వస్తే, తన ఆట తాను చూసుకోవడానికి ఏ బల్ల దగ్గర కూర్చోవాలి? ‘ఫ్యామిలీ రూమ్’ అని రాసి కర్టెన్ కట్టిన గదిలోనా? అందులో టీవీ ఉండదు. ఫ్యాన్ ఉంటే గొప్ప.

మందు విషయంలో హిందూపురానికి మామూలు చరిత్ర లేదు. ఈ ఊరి ఎమ్మెల్యేగా, రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉండగానే ఎన్టీఆర్ 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలు చేశారు. దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక ఉద్యమం అంతదాకా లాక్కొచ్చింది. 1997లో అల్లుడుగారు దాన్ని ఎత్తేశారు. 2019లో ఇంకొకాయన వచ్చి దశలవారీ నిషేధమన్నారు. 2024 నాటికి మందు ఫైవ్‌స్టార్ హోటళ్లకే పరిమితమన్నారు. జరిగిందేమిటి? సర్కారే కౌంటర్ వెనక నిలబడి సీసాలందించింది. పర్మిట్ రూములు మూసేసి అదే సంస్కరణంది. తాగేవాడు తాగడం మానాడా? కూర్చోవడం మానాడు. చెరువుకట్టకీ, బడిగోడ పక్కకీ చేరాడు. బ్రాండ్ల పేర్లు గుర్తున్నాయా? ప్రెసిడెంట్ మెడల్. స్పెషల్ స్టేటస్. ఢిల్లీ ఇవ్వని హోదా, ఒలింపిక్స్ ఇవ్వని పతకం, రెండూ సీసాలో దొరికాయి. చాలదన్నట్టు బెవరేజెస్ కార్పొరేషన్ పేరున బాండ్లమ్మి అప్పు తెచ్చారు. నిషేధిస్తామన్న సరుకు మీద అప్పు! మూసేస్తానన్న కొట్టును చూపించి అప్పడిగితే మీకే బ్యాంకైనా ఇస్తుందా?

2024లో సర్కారు మారింది. విధానమూ మారింది. 3,396 ప్రైవేటు షాపులు. దరఖాస్తుకు 2 లక్షలు, తిరిగివ్వరు. దాదాపు 90 వేల దరఖాస్తులొచ్చాయి. ఒక్క సీసా మూత తియ్యకముందే ఖజానాకు సుమారు 1,800 కోట్లు. 99 రూపాయలకే క్వార్టరంటూ పండగ చేశారు. 2025లో పర్మిట్ రూములూ తిరిగొచ్చాయి, లక్షల్లో ఫీజుతో. రోడ్ల మీద తాగకుండా చూడ్డానికట. సంతోషం. మరి ఆ గదిలో మనిషి గంటసేపు మనిషిలా కూర్చోవడానికి ఏముండాలని ఎవరైనా అడిగారా? నిలబడు, మింగు, పో. ఇదే కదా మన విధానం?

పెనుకొండ పోదాం. ఒకప్పుడు విజయనగర రాజుల రెండో రాజధాని. ఇప్పుడు కియా రాజధాని. ఎర్రమంచి ఫ్యాక్టరీకి ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సత్తా ఉంది. కొరియా ఇంజనీర్లొచ్చారు, వాళ్ల వెనకే కొరియా హోటళ్లూ వచ్చాయి. మంచిదే. పెట్టుబడి పెట్టేవాడి ఆకలి అందరికీ ఇట్టే అర్థమవుతుంది. షిఫ్టు దిగిన మన కుర్రాడి సాయంత్రమే ఎవరికీ పట్టదు. వాడికి హైవే ధాబా, లారీల దుమ్ము, చార్జింగ్ అయిపోవస్తున్న ఫోను. అన్నట్టు, అదే ఫ్యాక్టరీలో 900 ఇంజన్లు పోయాయని 2025లో కేసు నమోదైంది. ఇంజన్లు తరలిపోతుంటే ఎవరి కంటా పడలేదు. నలుగురు కుర్రాళ్లు ధాబా ముందు ఫోను చుట్టూ మూగితే మాత్రం పెట్రోలింగ్ జీపుకు ఎంత చీకట్లోనైనా కనబడతారు.

ధర్మవరం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పట్టుచీర నేసే మనిషికి ఫోనే స్టేడియం. స్కోరు తాను చూసి పక్క మగ్గానికి కేకేస్తాడు. మూడూళ్లలో ఇంతకన్నా మర్యాదైన స్పోర్ట్స్ బార్ లేదు. డేటా అయిపోతే అదీ బంద్. ధర్మవరం ఎమ్మెల్యే ఆరోగ్య మంత్రి, పెనుకొండ ఎమ్మెల్యే చేనేత మంత్రి. హిందూపురానికి ఏకంగా హీరోగారే. ఇంతమంది పెద్దలున్న చోట ఒక పెద్ద తెర లేదు!

‘‘బెంగళూరు పోవచ్చు కదా!’’ అంటారు. పోవచ్చు. వంద కిలోమీటర్లు, పదహారు నిమిషాల ఆటకు. అక్కడ పబ్బుల్లో తెరలుంటాయి, తెర ఎదురుగా బల్ల కావాలంటే ఇంత బిల్లు చెయ్యాలన్న లెక్కా ఉంటుంది. తిరిగొస్తుంటే సరిహద్దులో కొడికొండ చెక్‌పోస్టు. పట్టుబడ్డ కర్ణాటక సీసాలను రోడ్డు మీద వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించిన రోజులు మరిచిపోయామా? జనం గుంపుగా నిలబడి చూడ్డానికి మన పోలీసులు దగ్గరుండి ఏర్పాటు చేసిన ఆట అదొక్కటే.

అయినా రగ్బీకీ మందుకీ మన దేశంలో చుట్టరికం పాతదే. 1873లో కలకత్తాలో దొరలు రగ్బీ క్లబ్బు పెట్టారు. క్లబ్బులో ఉచిత మందు ఆపేశారు. సభ్యులు పలచబడ్డారు. చివరికి క్లబ్బు మూసేసి, ఖాతాలో మిగిలిన వెండి రూపాయలు కరిగించి 1878లో ఒక కప్పు చేయించారు. ఇంగ్లండ్, స్కాట్లండ్ ఇవాళ్టికీ ఆ కలకత్తా కప్పు కోసమే కొట్టుకుంటాయి. ఉచిత మందు ఆగితే జనం నిలవరన్న పాఠాన్ని మన పార్టీలు ప్రతి ఎన్నికకూ శ్రద్ధగా వల్లెవేస్తాయి. కాకపోతే దొరలు మిగిలిన డబ్బుకు లెక్క చెప్పారు. మనవాళ్ల దగ్గర మిగలడమనేదే ఉండదు.

‘‘రగ్బీ ఎవడు చూస్తాడయ్యా?’’ పోనీ, వదిలేద్దాం. మన అమ్మాయిల హాకీ చూడాలన్నా ఇదే గతి. కబడ్డీకీ ఇదే గతి. చోటు లేకనా? మామూలు రోజుల్లో మ్యాట్నీకి థియేటర్లలో వరసలకు వరసలు ఖాళీ. 2025 సంక్రాంతికి హిందూపురం ఎమ్మెల్యేగారి ‘డాకు మహారాజ్’కి తెల్లవారుజామున 4 గంటల బెనిఫిట్ షో, టికెట్ 500 రూపాయలు అంటూ అనుమతి వచ్చింది. నాలుగింటికి హీరోని చూడ్డానికి ఉత్తర్వులివ్వగలిగినవాళ్లు, సాయంత్రం ఆరింటికి హీరోస్‌ని చూడ్డానికి ఇవ్వలేరా? మేమే వీధిలో ప్రొజెక్టర్ పెట్టుకుంటామంటే పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉందంటారు. ఆ సెక్షన్ నాయకుల పుట్టినరోజు కేకు దగ్గర ఎక్కడికి పోతుందో!

కొత్త క్రీడా విధానంలో ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్లు ప్రకటించారు. రగ్బీ సెవెన్స్ 2016 నుంచి ఒలింపిక్ క్రీడే. గెలిస్తే 7 కోట్లు. చూడ్డానికి ఏడు కుర్చీలు మాత్రం వెయ్యరు.

మందు షాపుల లైసెన్సుల గడువు 2026 సెప్టెంబరు 30 వరకే. ఆపైన మళ్లీ కొత్త విధానం, మళ్లీ వసూళ్లు. 2027 అక్టోబరులో ఆస్ట్రేలియాలో రగ్బీ ప్రపంచకప్. అక్కడి రాత్రి ఆట మనకు పట్టపగలే. షాపులు పొద్దున పదింటికే తెరుస్తారు కాబట్టి సరుకుకు ఢోకా లేదు. దరఖాస్తు ఫారంలో ఇంకో నాలుగు గళ్లు గీయండి సార్, చాలు. పనిచేసే టీవీ ఉందా? అడిగినవాడికి రిమోట్ ఇస్తారా? తాగనివాడికి టీ దొరుకుతుందా? ఆడవాళ్లు ముక్కు మూసుకోకుండా వెళ్లగలిగే మరుగుదొడ్డి ఉందా? దీనికీ ఫీజు పెట్టుకోండి. తిరిగివ్వబడదని కూడా రాసుకోండి, అలవాటేగా.