సి బుక్కు లేని అంబాసిడరు

మా పెరట్లో చింతచెట్టు కింద ముప్పై ఏళ్లుగా ఓ అంబాసిడరు నిలబడి ఉంది. నిలబడి ఉంది అనడం మర్యాదకి. నాలుగు చక్రాల్లో రెండింటి చోట ఇటుకలున్నాయి. మొన్న వేసవి సెలవులకి హైదరాబాదు నుంచి వచ్చిన మా మనవడు ఫోను పట్టుకుని దాని చుట్టూ నాలుగు ప్రదక్షిణాలు చేసి, "తాతా, మొత్తంగా అమ్మితే దండగ. విప్పి పార్టులుగా అమ్మితే మూడింతలొస్తుంది" అన్నాడు. కారు కనిపిస్తే ముందు ధర తెలుసుకునే పిల్లలు వీళ్లు. మా రోజుల్లో ముందు అది ఎవరిదో తెలిసేది.

నిజంగానే తెలిసేది. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర నిలబడి, హారన్ విని చెప్పేసేవాళ్లం, ఏ డాక్టరు గారిదో, ఏ మిల్లు షావుకారుదో. నంబరు చూడాల్సిన పని లేదు. చూసినా నాలుగు ముక్కలు తెలిసేవి. 1989 తర్వాత ఏపీ 30 అంటే శ్రీకాకుళం, 35 అంటే విజయనగరం, 31 అంటే విశాఖపట్నం. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 తెచ్చారు. ఇప్పుడు నన్ను రాసుకుంటూ పోయినవాడు ఇచ్ఛాపురం వాడో హిందూపురం వాడో తెలీక, ఏ యాసలో తిట్టాలో తోచడం లేదు.

నా కారు ఆ లెక్కలన్నిటికీ ముందుది. మార్క్ టూ. 1968 మోడలని అమ్మినాయన చెప్పాడు. నంబరు పలక మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు, నాలుగంకెలు. పాత శ్రీకాకుళం జిల్లా బండి. 1979లో విజయనగరం జిల్లా పుట్టిన సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

1994లో బొబ్బిలి వైపు ఒక రైస్ మిల్లు యజమాని దగ్గర తొమ్మిది వేలకి కొన్నాను. అప్పటికే ఇంజను పట్టేసింది. వెనక కుడి తలుపుకి లోపలి పిడి ఊడిపోతే, మిల్లు వడ్రంగి దానికి ఇత్తడి గొళ్లెం బిగించాడు. గదికి వేసుకునే గొళ్లెం! లారీకి కట్టి లాక్కొచ్చాం. ఆయన డబ్బు లెక్కపెట్టుకుని, "సి బుక్కు బీరువాలో ఎక్కడో ఉంది మాస్టారూ, మళ్లీ ఇటొచ్చినప్పుడు పట్టుకెళ్దురు గాని" అన్నాడు. నేను తలూపి టీ తాగాను. రసీదు అడిగితే పెద్దమనిషిని అవమానించినట్టని అనుకునే కాలం అది. తర్వాత రెండుసార్లు వెళ్లాను. ఒకసారి ఆయన ఊళ్లో లేడు, రెండోసారికి ఆయనే లేడు. మిల్లు మూతపడింది, పిల్లలు తలో దిక్కుకీ పోయారు. మా రోజుల్లో మాటే కాగితం అని నేను గొప్పలు పోతుంటాను గాని, చింతచెట్టు కింద తుప్పు పడుతున్నది ఆ మాటే.

రిటైరయ్యాక దాన్ని బాగుచేసి, మా ఆవిణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టుకుని రామతీర్థం తీసుకెళ్లాలని ఉండేది. ముందు సీటంటే ఇప్పటి కార్లలోలాగ రెండు గిన్నెలు కాదు, అటు నుంచి ఇటు ఒకటే సోఫా. గేరు స్టీరింగు పక్కనే. బ్యాటరీ పడుకుంటే ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పేవారు. మా అల్లుడి కారు మొన్న బొబ్బిలి దారిలో ఆగిపోతే, మెకానిక్ బానెట్టు ఎత్తకుండా ముందు లాప్‌టాప్ తెరిచాడు. రోగి నాడి చూడకుండా జాతకం చూసినట్టు.

నా బానెట్టు మొన్న ఎత్తి చూశాను. ఎయిర్ క్లీనర్ మీద కందిరీగలు మట్టిగూడు కట్టాయి. రేడియేటరు పక్కన ఎప్పుడో పెట్టి మరచిపోయిన స్పానరు, సరిగ్గా పెట్టినచోటే ఉంది.

సలహాకి సాలూరు వెళ్లాను. విజయవాడ తర్వాత లారీలంటే సాలూరే అని మావైపు చెప్పుకుంటారు. రాయపూర్ దారిలో ఘాటీ ఎక్కే బండ్లు అక్కడ ఊపిరి పీల్చుకునేవి, బాడీ కట్టించుకునేవి, ఆఖరికి అక్కడే విప్పించుకునేవి. అక్కడ షెడ్డు నడుపుతున్న మేస్త్రీ నా పాత శిష్యుడే. లెక్కల్లో ఎప్పుడూ ముప్పై దాటలేదు గాని, బండి విలువ కట్టడంలో తప్పు పోడు.

"ఏటి మాస్టారూ, ముక్కలుగా అమ్ముతారా? హెడ్లైట్లు, గ్రిల్లు, చక్రం మూతలు, మీటర్లు వారం దినాల్లో ఎలిపోతాయండి. గేరుబాక్సుకీ ఎవుడో వత్తాడు. ఆ పైన తొక్క మిగులుద్ది. చక్రాల్నేని తొక్కని తుక్కోడు కూడా ఎత్తుకెల్లడు. కూలి మీరే ఇచ్చుకోవాల."

"మొత్తంగా అమ్మితే?"

"సీ బుక్కు నేదంటే అది కారు కాదండి, ఇనుం. అమ్మినా కాటా మీద పెట్టే అమ్మాల."

మనవడి లెక్కలో ఆ తొక్క లేదు. బాగున్నవన్నీ ముందు అమ్ముడైపోతాయి, పనికిరాని బరువంతా ఆఖర్న మన నెత్తిన పడుతుంది. పాత బండి విప్పిన ఎవరినైనా అడగండి.

బండిని బతికించే దారి లేదా అంటే ఉంది. 50 ఏళ్లు దాటినదాన్ని వింటేజి కింద నమోదు చేసుకోవచ్చని 2021లో రూల్సు వచ్చాయి. ఫీజు 20 వేలు, కొత్త నంబరు తీసుకుంటే అందులో వీ.ఏ. అనే అక్షరాలు. మనవడు చదివి వినిపిస్తుంటే నా నడుం కాసేపు నిటారయింది. చివర్న ఉంది మెలిక: ఇదివరకే రిజిస్టరైన బండికి పాత ఆర్.సి., అంటే మన సి బుక్కు, జతచెయ్యాలి. పోనీ గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రానికి ఇద్దామంటే, అదే ఏడాది వచ్చిన తుక్కు రూల్సులోనూ ఆర్.సి. అడుగుతారు, దొంగబండ్ల జాబితాతో సరిచూస్తారు. బతకడానికే కాదు, చావడానికీ కాగితం కావాలి. పోయిన ఆర్.సి.కి నకలు కావాలంటే ఫారం 26, అది యజమాని పెట్టాలి. యజమాని పోతే వారసులు ఫారం 31 పెట్టాలి. నేను యజమానినీ కాదు, వారసుణ్ణీ కాదు. ముప్పై ఏళ్లు నీడ ఇచ్చినవాణ్ణి, దానికి ఫారం లేదు.

మధ్యలో ఒక బ్రోకరు వచ్చాడు. కారు లేని సి బుక్కు ఒకటి తన దగ్గరుందట, ఆ నంబరు నా బండి మీద కొట్టించేస్తాడట, మూడోవాడికి తెలియదట. కారు లేని సి బుక్కుకి దొంగబజారులో మంచి ధరే ఉంటుంది, సి బుక్కు లేని కారుకే ఏ బజారూ లేదు. మా రోజుల్లో ఇలాంటివి లేవని రాద్దామనుకున్నాను. ఉండేవి. మేము వాళ్లని ఇంట్లో కూర్చోబెట్టేవాళ్లం కాదు, అంతే. ఇతన్నీ గేటు దాకా సాగనంపాను.

ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ల తయారీ 2014 మేలో ఆగిపోయింది. 2017లో ఆ పేరు ఒక్కటీ 80 కోట్లకి ఫ్రాన్సు ప్యూజో కంపెనీ కొనుక్కుంది. బండి లేకుండా ఉత్త పేరు! దాని కాగితాలు సక్రమంగా ఉన్నాయి మరి.

నేను ఒకటి అనుకున్నాను. ముక్కముక్కగా పదిమందికి అమ్మేది లేదు. పార్వతీపురం వైపు ఒకాయన దగ్గర ఇదే మార్క్ టూ ఉంది, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి, తలుపులూ గేరుబాక్సూ కావాలట. ఇస్తే నంబరు లేని సామాను అంతా ఆ ఒక్కరికే, రసీదు రాసి ఇస్తాను. ఈసారి రాస్తాను. నంబరు కొట్టిన ఇంజనూ, ఛాసిస్ నంబరున్న రేకూ గడప దాటవు.

అయితే దానికి ముందు ఒక ప్రయత్నం. బొబ్బిలి వైపు రైస్ మిల్లు నడిపిన కుటుంబం ఎవరైనా ఇది చదువుతుంటే, మీ నాన్నగారి బూడిదరంగు అంబాసిడరు, వెనక తలుపుకి ఇత్తడి గొళ్లెం గుర్తుకొస్తే, బీరువా అడుగు అర ఒకసారి వెతకండి. సి బుక్కు దొరక్కపోయినా సరే, మీరొచ్చి ఫారాల మీద సంతకాలు పెడితే చాలు, ఖర్చులన్నీ నావి. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను తిరిగే మంగళవారం దాకా ఆగుతాను. బుధవారం పొద్దున్నే సాలూరు నుంచి స్పానర్ల పెట్టె వస్తుంది.