రానివాళ్ళ పార్టీ జిందాబాద్

ఓటెయ్యనివాడికి అడిగే హక్కు లేదట. జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక పోలింగ్ లెక్క 48 శాతం దగ్గర ఆగిపోయాక అన్ని రంగుల కండువాలూ ఏకకంఠంతో తేల్చిన మాట ఇది. ఈమధ్య వాళ్ళకి ఏకాభిప్రాయం కుదిరింది ఈ ఒక్క విషయంలోనే.

అయ్యా, లెక్క మళ్ళీ చూడండి. ఓటర్లు నాలుగు లక్షలు. బరిలో 58 మంది. గెలిచినాయనకు పడ్డవి లక్షకు కాస్త తక్కువ. బూత్ మొహం చూడనివాళ్ళు రెండు లక్షల పైమాటే. అంటే రెట్టింపు ఓట్లతో నెగ్గింది రానివాళ్ళ పార్టీ! 2020 గ్రేటర్ ఎన్నికల్లోనూ నూటికి 53 మంది దానివెంటే ఉన్నారు. బిర్యానీ పొట్లం పంచలేదు, ఒక్క ఫ్లెక్సీ కట్టలేదు.

కాబట్టి దాని అభ్యర్థి ఖాళీ కుర్చీని అసెంబ్లీకి పంపాలని నా మనవి. మైకు కట్ చేసే శ్రమ ఉండదు. వాకౌట్ అంటారా, అది రాకముందే చేసేసింది. రిసార్టులో గది తీసుకోనక్కర్లేదు. కండువా కప్పితే జారిపోతుంది. 2019లో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 12 మంది టీఆర్‌ఎస్ కారెక్కారు. తర్వాత కారు గుర్తు మీద గెలిచిన పదిమంది దిగిపోయారని ఫిర్యాదు. అది తేల్చమని స్పీకర్‌కు సుప్రీంకోర్టు మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. కుర్చీతో ఆ తంటా లేదు. విలీనం భయమూ లేదు. మార్పు తెస్తానని 18 సీట్లు గెలిచిన ప్రజారాజ్యం రెండేళ్ళకే కాంగ్రెస్‌లో కలిసింది కదా.

నోటా ఉందిగా అంటారు. ఉంది, 2013 నుంచి. దానికి అందరికన్నా ఎక్కువ పడినా గెలిచేది దాని వెనకున్నవాడే. హాల్లో ఈల వేసుకోవచ్చు, సినిమా మాత్రం ఆగదు.

ఇక ఓటెయ్యనివాడిది బద్ధకం అంటారే, ఆ సంగతి. 1996లో నల్లగొండ జనం బద్ధకించలేదు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన ఊళ్ళు అవి. ఏ పార్టీని అడిగినా నీళ్ళు రాలేదు. ఆఖరికి తామే నామినేషన్లు వేశారు. ఒక్క లోక్‌సభ సీటుకు 480 మంది! బ్యాలెట్ పేపరు పుస్తకమైంది. ఢిల్లీ ఉలిక్కిపడింది. ఏం చేసిందో తెలుసా? అలాంటివాళ్ళకి సీరియస్ కాని అభ్యర్థులని పేరు పెట్టింది. వంగిన నడుముతో వచ్చి నిలబడ్డవాడు సీరియస్ కాదట! సిగ్గులేదూ? 500 రూపాయల డిపాజిట్‌ని ఆ ఏడాదే 10,000 చేశారు, ఇప్పుడది 25,000. గుర్తింపు పొందిన పార్టీ అండ లేనివాడు నామినేషన్ వెయ్యాలంటే పదిమంది ఓటర్ల సంతకాలు కావాలన్నారు. నీళ్ళకన్నా ముందు ఆ చట్టం వచ్చింది. పెద్ద పార్టీ బీఫామ్ జేబులో ఉన్నవాడికి మాత్రం ఇవాళ్టికీ ఒక్క సంతకం చాలు.