అబద్ధానికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు

తెలుగువాళ్లు విదేశాల్లో నడిపే కుటీర పరిశ్రమల్లో నష్టమన్నది ఎరగనిది దుబాయ్ శివారున సోనాపూర్‌లో ఉంది. అల్ ఖుసైస్ దాటి షార్జా సరిహద్దు వైపు పోతే తగిలే ఈ లేబర్ క్యాంపుల బస్తీకి సర్కారు పేరు ముహైస్నా 2. ఇక్కడ తయారయ్యే సరుకు ఫోటో. నెలంతా సిమెంటు మోసినవాడు సెలవు రోజున ఇస్త్రీ చొక్కా తొడిగి, అడిగి తెచ్చుకున్న నల్లకళ్లద్దాలు పెట్టి బుర్జ్ ఖలీఫా ముందు నిలబడతాడు. పదిమంది కుక్కుకునే గది, మంచం మీద మంచం, స్టవ్వు కోసం లైను ఫోటోలో పడవు. సాయంత్రానికల్లా సరుకు జగిత్యాలకో సిరిసిల్లకో చేరుతుంది. అక్కడ ఇంకో కుర్రాడు పాస్‌పోర్టుకు దరఖాస్తు పెడతాడు. ఇంత నమ్మకమైన సిబ్బంది జీతం లేకుండా దొరికుంటే గోబెల్స్ తన రేడియో స్టేషన్ మూసేసుకునేవాడు.

ఫోటో దిగినవాణ్ని తిట్టి లాభం లేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుతో పోయినవాడు "నేను మోసపోయిన" అంటే ఊళ్లో దక్కేది జాలి కాదు. "అందరు సంపాయిస్తలేరా? నీకే చాతగాలే" అన్న తీర్పు. అందుకే సెలవు మీద వచ్చినప్పుడు సెంటు సీసాలు పంచి, జీతం అడిగినవాళ్లకు అసలుకు రెట్టింపు చెబుతాడు. అది అబద్ధమని పక్కింటి దుబాయ్ రిటర్నుకు తెలుసు. కిందటేడు తనూ అదే చెప్పాడు కనుక తలూపుతాడు. ఇలా ఊగిన తలలన్నీ కలిసి ఊరి చరిత్ర రాసేస్తాయి: దుబాయ్ పోయినవాళ్లంతా బాగుపడ్డారు, చెడ్డవాడు తాగి చెడ్డాడు.

ఏజెంటుకు ఇంకేం కావాలి? "తమ్మీ, ఆజాద్ వీసా. యాడ నచ్చితే ఆడ పని జేస్కో" అంటాడు. ఎమిరేట్స్ చట్టంలో కూలీకి అలాంటి వీసా లేదు. కాగితం మీద యజమాని ఒకడు, పని చేసేది ఇంకొకడి దగ్గర, దొరికితే 'ఖల్లివెల్లి', అంటే అక్రమ కూలీ. పదో తరగతి గట్టెక్కనివాడికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి కదా అంటే, విజిట్ వీసా ఉంది కదా అంటాడు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30 వేలు, పైన జీఎస్టీ. మనవాడి లెక్క లక్షల్లోనే మొదలవుతుంది. ఇంత చేసి పట్టుబడితే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కళ్లెర్రజేస్తుంది: రెండేళ్ల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా. ఆ ఏజెంటుగారి పుట్టినరోజు ఫ్లెక్సీకి కూడా అంతకంటే ఎక్కువే అవుతుంది.

సర్కార్లకు ఈ అబద్ధాల కళ ఎవరూ నేర్పక్కర్లేదు. 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ కార్మికుల కనీస వేతనాలను 30 నుంచి 50 శాతం కోసింది. ఎందుకంటే వాళ్ల ఉద్యోగాలు కాపాడటానికట! తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడ్డాక, 2021 జులైలో ఆ కత్తెరను వెనక్కి తీసుకున్నారు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి బతుకులు ఇక చాలని తెలంగాణ ఉద్యమంలో ఎన్ని గొంతులు అరిచాయో! 2014లో రాష్ట్రం వచ్చింది. నినాదం చరిత్రైంది, కుర్రాళ్లు శంషాబాద్ విమానాశ్రయం దారి పట్టారు. ఎన్నికలప్పుడల్లా గల్ఫ్ పాలసీ మొలుస్తుంది. 2024లో, గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల సాయమని ఉత్తర్వు వచ్చింది. మంచిదే. కాకపోతే మన నాయకుల కంటికి వలస కూలీ ఆనాలంటే ముందు పెట్టెలో పడుకోవాలి.

మరపు సంగతీ చూద్దాం. 2006 మార్చిలో బుర్జ్ కడుతున్న కూలీలు దాదాపు 2,500 మంది కూలి చాలడం లేదని తిరగబడి కార్లు, ఆఫీసులు పగలగొట్టారు. ఏ ఊరి రచ్చబండ మీదైనా అడిగి చూడండి, గుర్తున్నవాడు ఒక్కడు దొరికితే గొప్ప. బుర్జ్ దుబాయ్ కాస్తా 2010 జనవరి 4న, ప్రారంభం నాడే, బుర్జ్ ఖలీఫా అయింది. అప్పుల్లో మునిగిన దుబాయ్‌ని ఆదుకున్న అబుదాబి పాలకుడి పేరు అది. అప్పిచ్చినవాడి పేరు గోడకెక్కింది. అప్పుచేసి వచ్చి గోడ కట్టినవాడి పేరు వడ్డీవ్యాపారి పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు.

చావుకు కూడా ఒక ముద్దుపేరు పెట్టారు. గల్ఫ్‌లో ఏటా 10 వేల మంది దాకా దక్షిణ, ఆగ్నేయాసియా వలస కార్మికులు చనిపోతున్నారనీ, సగానికి పైగా మరణాలకు అసలు కారణం తేల్చడం లేదనీ హక్కుల సంస్థల కూటమి వైటల్ సైన్స్ (Vital Signs) పార్ట్‌నర్‌షిప్ 2022లో లెక్క చెప్పింది. కాగితం మీద రాసేది 'సహజ మరణం', లేదంటే 'గుండె ఆగింది'. ఎండలో ఇనుము మోసే ముప్ఫయ్యేళ్లవాడి గుండె ఆగడం అంత సహజమన్నమాట! వీసా కోసం ఒంటిని పరీక్షించే కేంద్రమూ, శవానికి మందు పూసి పెట్టెలో సర్దే కేంద్రమూ రెండూ ముహైస్నాలోనే ఉన్నాయి. రాకకూ పోకకూ ఒకటే పేట, టాక్సీ ఖర్చు కూడా కలిసొస్తుంది.

ఎమిరేట్స్‌కు పుకార్లంటే పడదు. 2021లో తెచ్చిన చట్టం ప్రకారం తప్పుడు వార్త వ్యాప్తి చేస్తే కనీసం ఏడాది జైలు, లక్ష దిర్హాముల జరిమానా. జీతం రాలేదని క్యాంపు గదిలో వీడియో తీసుకున్నవాడు ఆ లక్ష తలుచుకుని దాన్ని తుడిపేస్తాడు. 'ఈ వారమే ఫ్లైట్, తిండి ఫ్రీ, ఓవర్‌టైం గ్యారంటీ' అని ఏజెంటు పెట్టిన పోస్టు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. దాని కింద బోలెడన్ని లైకులు, అందులో వీడిదీ ఒకటి.